వర్గం లేని నాయకుడు దామోదరం సంజీవయ్య

దామోదరం సంజీవయ్య 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజులుంది. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. మరో రెండున్నరేళ్లకు అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రిగా, పరిశ్రమల మంత్రిగా, మళ్లీ కార్మిక మంత్రిగా పనిచేసి, రెండోసారి పార్టీ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి వయసు 51.

రాయలసీమలో రాజకీయ నాయకుడు అనగానే జనానికి తోచే లక్షణాలు మూడు: భూమి, బలగం, ఊళ్లను తన మాట మీద నిలబెట్టగల కులబలం. సంజీవయ్యకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. కర్నూలు పక్కనున్న పెదపాడులో సెంటు భూమి లేని ఇంట పుట్టి, ఇరవై రెండేళ్ల రాజకీయ జీవితంలో ఆయన అంత ఎత్తుకు వెళ్లడం ఎలా సాధ్యమైంది? జవాబు కొంత ఆయన చదువులో, నడవడిలో ఉంది. అంతకంటే ఎక్కువ ఆనాటి కాంగ్రెస్ పార్టీ నడిచిన తీరులో ఉంది. ఆయనను పైకి తెచ్చిందీ, ఆయన చేయదలచిన పనికి హద్దు గీసిందీ ఆ తీరే.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న మాల కుటుంబంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునిదాసు. మగ్గం నేయడం, కూలికి పోవడం ఆ ఇంటి బతుకుతెరువు. పసితనంలోనే తండ్రి పోయారు. కుటుంబం కొన్నాళ్లు మేనమామ ఊరు పాలకుర్తికి వెళ్లింది. అక్కడ పశువులు కాసిన పిల్లవాడు తిరిగి పెదపాడుకు వచ్చాక బడిలో కూర్చున్నాడు. అన్న చిన్నయ్య కూలి చేసి తమ్ముణ్ణి చదివించాడు. మొదట అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి బడి, 1935 నుంచి కర్నూలు మున్సిపల్ హైస్కూలు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాలోనే మొదటి స్థానంలో నిలిచాడు.

ఆ రోజుల్లో సీమ పిల్లలకు పై చదువంటే ముఖ్యంగా అనంతపురమే. అక్కడి దత్త మండల కళాశాలలో ప్రభుత్వ ఉపకార వేతనం మీద లెక్కలు ప్రధానంగా చదివి 1942లో బి.ఏ. పూర్తి చేశారు. పట్టా చేతికొచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. కర్నూలులో రేషనింగ్ కార్యాలయంలో తాత్కాలిక గుమాస్తా పని దొరికింది. తర్వాత బళ్లారిలో కేంద్ర ప్రజాపనుల శాఖలో మరో తాత్కాలిక ఉద్యోగం. యుద్ధంతో పాటే ఆ కొలువులూ ముగిశాయి. 1946లో మద్రాసు వెళ్లి లా కాలేజీలో చేరారు. ఖర్చులకు ఒక హైస్కూలులో లెక్కలు చెప్పేవారు. 1948లో న్యాయశాస్త్ర పట్టా, 1950లో న్యాయవాదిగా నమోదు.

ఇక్కడిదాకా చూస్తే కష్టపడి చదువుకున్న యువకుడి కథే తప్ప రాజకీయ నాయకుడి కథ కాదు. 1950 నాటి కాంగ్రెస్‌లో నాయకత్వానికి తొలి అర్హత జైలు జీవితం. ఉప్పు సత్యాగ్రహంలోనో, క్విట్ ఇండియాలోనో శిక్ష పడినవారికే పార్టీలో మాట చెల్లేది. సంజీవయ్యకు ఆ చరిత్ర లేదు. విద్యార్థిగా ఉద్యమంలోకి దిగలేదు. దిగితే ఉపకార వేతనం పోతుంది, అన్న చేసిన కూలి కష్టమంతా వృథా అవుతుంది. ఆ ఇంటి పరిస్థితి తెలిసినవారెవరూ దీన్ని లోపంగా చూడరు.

రాజకీయాల్లోకి తలుపు అనుకోకుండా తెరుచుకుంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక, తొలి ఎన్నికలు జరిగేదాకా రాజ్యాంగ సభే తాత్కాలిక పార్లమెంటుగా పనిచేసింది. ఒకే వ్యక్తి రాష్ట్ర శాసనసభలోనూ కేంద్రంలోనూ కొనసాగకూడదన్న నియమం రావడంతో చాలామంది ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చింది. కర్నూలు జిల్లా దళిత నాయకుడు ఎస్.నాగప్ప ఖాళీ చేసిన స్థానానికి కాంగ్రెస్ పెద్దలు చదువుకున్న దళిత యువకుడి కోసం వెతికి సంజీవయ్యను ఎంపిక చేశారు. 29 ఏళ్ల వయసులో, పంచాయతీ సభ్యుడిగానైనా పనిచేయకుండా, ఆయన నేరుగా పార్లమెంటులో అడుగుపెట్టారు.

ఈ మొదటి అడుగే తర్వాతి అడుగులన్నిటికీ నమూనా. ప్రతి మలుపులోనూ పైవాళ్లు పిలిచారు, ఆయన వెళ్లారు. అదే కర్నూలు జిల్లాకు చెందిన మరో ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి దారి దీనికి పూర్తిగా వేరు. ఆయన జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా ఊరూరా పట్టు సంపాదించి, ఆ పట్టుతో మంత్రివర్గానికి, 1982లో ఒకసారి, 1992లో మరోసారి ముఖ్యమంత్రి పీఠానికి వెళ్లారు. కింద బలం ఉన్న నాయకుణ్ణి అధిష్ఠానం తీసేసినా, అతని జిల్లా అతని చేతిలోనే ఉంటుంది. సంజీవయ్యకు ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు.

1952 తొలి సాధారణ ఎన్నికల్లో ఎమ్మిగనూరు రిజర్వుడు స్థానం నుంచి మద్రాసు శాసనసభకు గెలిచారు. ఆ ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్‌కు సొంత మెజారిటీ రాలేదు. 375 స్థానాల సభలో 152 మాత్రమే దక్కాయి. రాజాజీని పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయించారు. అందులో సంజీవయ్యకు మంత్రి పదవి దొరికింది. వయసు 31.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక ఎన్నో కార్యాలయాలు గుడారాల్లో నడిచిన కాలమది. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఉన్నది కొద్దిమందే. వారిలో కడప కోటిరెడ్డి ఒకరు, సంజీవయ్య ఒకరు. వైద్యం, హరిజనోద్ధరణ వంటి శాఖలు ఆయన చూశారు. 1954 నవంబరులో మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటుతో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో రవాణా, వాణిజ్య పన్నుల శాఖలు ఆయనకు వచ్చాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో కార్మిక, స్థానిక పాలన శాఖలు చూశారు. మధ్యలో 1954 మేలో ఉపాధ్యాయురాలు కృష్ణవేణితో వివాహమైంది.

రాజాజీ, ప్రకాశం, గోపాలరెడ్డి, సంజీవరెడ్డి: ఒకరితో ఒకరికి పొసగని నలుగురు ముఖ్యమంత్రులు. ఆ నలుగురి కొలువులోనూ వరుసగా చోటు దక్కిన మంత్రి సంజీవయ్య. ఆయన ఎవరి ముఠాలోనూ లేరు కాబట్టి ఎవరికీ అడ్డు కాలేదు. శాఖ ఏదిచ్చినా ఫైలు క్షుణ్ణంగా చదివి పనిచేసేవారన్న పేరుంది. మంత్రివర్గంలో దళితులకు ఒక స్థానం ఉండాలన్న కాంగ్రెస్ ఆనవాయితీ కూడా తోడైంది. ఈ మూడో కారణాన్ని దాచనక్కరలేదు. ఆ ఆనవాయితీ ఆయనను గదిలోకి తెచ్చింది. పదేళ్లపాటు ఆ గదిలో నిలబెట్టింది మాత్రం పనితనమే.

1959 చివర నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎంపికై ముఖ్యమంత్రి పదవి వదిలారు. వారసుడి కోసం రాష్ట్ర కాంగ్రెస్‌లో వర్గాలు తలపడ్డాయి. ఒక వర్గం మనిషిని ఎక్కిస్తే రెండో వర్గం దించేదాకా నిద్రపోదు. ఇద్దరు బలవంతుల్లో ఎవరినీ ఎంచుకోలేనప్పుడు ఇద్దరికీ ప్రమాదం లేని మూడోవాణ్ణి వెతకడం అధిష్ఠానాలకు అలవాటు. సంజీవయ్య పేరు అలా ముందుకొచ్చింది. ఢిల్లీలో నెహ్రూ ఆమోదం, రాష్ట్రంలో సంజీవరెడ్డి అండ కలిసి ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

ఆయన పాలన కేవలం రెండేళ్ల రెండు నెలలు. 1960 జనవరి 11 నుంచి 1962 మార్చి 12 వరకు. అసమ్మతి వర్గం మొదటి రోజు నుంచీ కత్తులు నూరుతూనే ఉంది. అయినా ఆ కొద్ది కాలంలో జరిగిన పనులు చూస్తే, ఆయనను కుర్చీ కాపలాకు కూర్చోబెట్టామనుకున్నవారి అంచనా తప్పిందని ఒప్పుకోవాలి.

తెలంగాణకు ఉపముఖ్యమంత్రి పదవి ఇవ్వాలన్నది 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలోని మాట. సంజీవరెడ్డి హయాంలో అది అమలు కాలేదు. సంజీవయ్య రాగానే కె.వి.రంగారెడ్డిని ఉపముఖ్యమంత్రిని చేశారు. ఒప్పందం చేసుకున్నాక నిలబెట్టుకోవాలన్న పట్టింపు అందులో కనిపిస్తుంది. 1960లోనే హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఒక్కటయ్యాయి. 1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఈనాడు పట్టణాల్లో ‘ఏసీబీ వలలో అధికారి’ అని రోజూ పేపర్లో చదివే ఆ ఏసీబీ అదే. అంతకుముందు ప్రభుత్వోద్యోగుల లంచాల కేసులు పోలీసు శాఖలో ఒక మూల విభాగం పనిగా ఉండేవి. వాటికి విడిగా ఒక శాఖ, దానికంటూ సిబ్బంది ఏర్పడ్డారు.

వృద్ధాప్య పింఛను 1960లో మొదలైంది. దేశంలో ఉత్తరప్రదేశ్ 1957లో ఇలాంటి పథకం పెట్టింది. ఆ వెనకే అడుగు వేసిన కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దీని వెనక కర్నూలు ప్రాంతంలో చెప్పుకునే కథ ఒకటుంది. కొడుకు ముఖ్యమంత్రి అయినా తల్లి సుంకులమ్మ పెదపాడు వదలలేదట. పూరింట్లో కట్టెల పొయ్యి మీదే వంట. ఒకసారి చూడవచ్చిన కొడుకు ఖర్చులకు కొంత డబ్బు చేతిలో పెడితే, నాకు నువ్వున్నావు, ఎవరూ లేని ముసలివాళ్ల సంగతేమిటని ఆమె అడిగిందట. కథ అక్షరాలా జరిగిందా అన్నది వేరే సంగతి. ముఖ్యమంత్రి తల్లి పేదరాలిగా పల్లెలోనే ఉండిపోవడం జనం కళ్లతో చూసిన సంగతి. పింఛను ఆ ఇంట పుట్టిందని వాళ్లు నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

భూమి విషయం కొంత వివరంగా చూడాలి. సెంటు భూమి లేని ఇంటివాడు ముఖ్యమంత్రిగా ఉండగా భూసంస్కరణ చట్టం వచ్చింది. అది 1961 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూగరిష్ఠ పరిమితి చట్టం. ఒక మనిషికి ఎంత భూమి ఉండవచ్చో నేల రకాన్ని బట్టి చట్టం నిర్ణయించింది. మంచి మాగాణి అయితే 27 ఎకరాలు. అతి తక్కువ సారం గల మెట్ట అయితే 324 ఎకరాలు. కృష్ణా డెల్టాలో 27 ఎకరాల హద్దుకైనా కొంత అర్థముంది. వానలు పడితేనే పైరు కనిపించే ఆలూరు, పత్తికొండ, పులివెందుల మెట్టల్లో ఒక మనిషికి 324 ఎకరాలంటే దాదాపు ఏ భూస్వామీ ఆ గీత దాటడు. పైగా పరిమితి లెక్క కుటుంబానికి కాక మనిషికి. కొడుకులు, అల్లుళ్ల పేర పంచి రాస్తే మిగులు భూమి ఎక్కడా తేలదు. చట్టం కింద ప్రభుత్వం చేతికి వచ్చిన భూమి చాలా స్వల్పం. 1973లో కుటుంబం లెక్కన, మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాల హద్దుతో కొత్త చట్టం తేవలసి వచ్చింది.

ఇది సంజీవయ్య వైఫల్యమా? శాసనసభలో కూర్చున్నవారిలో అత్యధికులు భూమి గలవారు, ఆయన కుర్చీ నిలబడింది వాళ్ల చేతుల మీద. అంతకంటే గట్టి చట్టం ఆనాడు సభ గడప దాటేది కాదు. తనకంటూ పాతికమంది ఎమ్మెల్యేలైనా లేని ముఖ్యమంత్రికి అంతవరకే సాధ్యమైంది. అయితే ప్రభుత్వం చేతిలోనే ఉన్న భూమి పంచడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆయన పట్టు అక్కడ చూపించారు. బంజరు భూములు భూమిలేని పేదలకు పట్టాలిచ్చే పని పెద్ద ఎత్తున సాగింది. ఆరు లక్షల ఎకరాలు పంచినట్టు ఆయన జీవిత విశేషాలు రాసినవారు చెబుతారు. ఊరి బంజరు మీద దళితులకు పట్టా ఇవ్వడమంటే సీమలో చిన్న విషయం కాదు. ఆ బంజరును అప్పటికే ఎవరో ఒక పెద్ద రైతు దున్నుకుంటూ ఉంటాడు. పట్టా కాగితం ఒకరి చేతిలో, నేల మరొకరి కింద ఉండిపోయిన కేసులు ఎన్నో. అలా పంచిన భూముల అమ్మకం చెల్లదని రాష్ట్రం 1977లో ప్రత్యేక చట్టం చేయవలసి రావడమే ఆ భూములు ఎన్ని రకాలుగా చేతులు మారాయో చెబుతుంది.

1962 ఎన్నికల్లో కాంగ్రెస్ 300 స్థానాల్లో 177 గెలిచింది. సాధారణంగా పార్టీని గెలిపించిన ముఖ్యమంత్రే కొనసాగుతాడు. ఇక్కడ అలా జరగలేదు. కాంగ్రెస్ అధ్యక్ష పదవీకాలం ముగించుకున్న నీలం సంజీవరెడ్డి రాష్ట్రానికి తిరిగొచ్చి మార్చి 12న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ వెంటనే జూన్‌లో సంజీవయ్య అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. అంటే ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. పైకి చూస్తే పదోన్నతి. దేశాన్ని పాలించే పార్టీకి ఒక దళితుడు అధ్యక్షుడు కావడం అదే మొదటిసారి కూడా. కానీ నెహ్రూ బతికుండగా పార్టీ అధ్యక్షుడి చేతిలో అసలు అధికారం ఏపాటిదో అందరికీ తెలుసు. ముఖ్యమంత్రికి ఖజానా, పోలీసు, కలెక్టర్లు ఉంటారు. సంజీవయ్య రాష్ట్రంలో మొదలుపెట్టిన పనులు కొనసాగించే అవకాశం అక్కడితో పోయింది. ఆయన రాజకీయ జీవితంలో రాష్ట్రానికి జరిగిన పెద్ద నష్టం ఇదే.

అధ్యక్షుడిగా ఆయనకు దొరికింది దేశానికి గడ్డుకాలం. పదవి చేపట్టిన నాలుగు నెలలకే, 1962 అక్టోబరు 20న, చైనా దాడి చేసింది. నవంబరు 21 దాకా సాగిన ఆ యుద్ధంలో ఓటమి నెహ్రూ ప్రతిష్ఠను, దానితో పాటు పార్టీని దెబ్బతీసింది. 1963 మేలో జరిగిన ఉప ఎన్నికల్లో కృపలానీ, రామ్ మనోహర్ లోహియా, మినూ మసానీ ముగ్గురూ కాంగ్రెస్‌ను ఓడించి లోక్‌సభకు వచ్చారు. పార్టీని మళ్లీ ఊళ్లలోకి తీసుకెళ్లడానికి పెద్ద పదవుల్లో ఉన్నవారు రాజీనామా చేసి సంస్థాగత పనిలోకి రావాలన్న, మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్ ప్రణాళిక ఆ ఆగస్టులో ఆమోదం పొందింది. ఆరుగురు కేంద్రమంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు దిగిపోయారు. అప్పుడు పార్టీ అధ్యక్ష స్థానంలో ఉన్నది సంజీవయ్యే. 1964 ఆరంభంలో భువనేశ్వర్ మహాసభలో కామరాజ్ ఆ బాధ్యత తీసుకున్నారు.

ఇలా పైవాళ్ల నిర్ణయం మీద సాగిన ఎదుగుదలను, పార్టీయే సర్వస్వమైన మరో వ్యవస్థతో పోల్చి చూడవచ్చు. చైనాలో కమ్యూనిస్టు పార్టీ ఇందుకు దాదాపు లిఖితమైన క్రమం పెట్టుకుంది. తాలూకా స్థాయి కౌంటీ, తర్వాత నగరం, రాష్ట్రం, చివరికి పొలిట్‌బ్యూరో. ఒక్కో మెట్టులో ఇన్నేళ్లు పనిచేయించి, పార్టీ సంస్థాగత విభాగం పనితీరు లెక్కగట్టి పైకి పంపుతుంది. షీ జిన్‌పింగ్ 1982లో హెబే రాష్ట్రంలోని జెంగ్‌డింగ్ కౌంటీలో మొదలై, ఫుజియన్‌లో 17 ఏళ్లు, తర్వాత జెజియాంగ్‌లో, 2007లో షాంఘైలో పనిచేసి, అదే ఏడాది పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘానికి చేరారు. 2012లో ప్రధాన కార్యదర్శి అయ్యారు. కాంగ్రెస్‌లో అలాంటి క్రమం లేదు. అధిష్ఠానానికి నచ్చినవాడు ఒక్క అంగలో ఢిల్లీ చేరగలడు, ఒక్క పూటలో ఇంటికీ రాగలడు. ఒక తేడా మరిచిపోకూడదు. సంజీవయ్యను పైవాళ్లే ఎంచుకున్నా, శాసనసభకు పోటీ చేసిన ప్రతిసారీ కర్నూలు జిల్లా ఓటర్ల ముందు చేతులు జోడించి నిలబడవలసిందే. 1962లో కోడుమూరు నుంచి అలాగే గెలిచారు. చైనా నాయకుడికి ఆ అవసరం లేదు.

నెహ్రూ మరణం తర్వాత 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో సంజీవయ్య కార్మిక మంత్రి అయ్యారు. రాజ్యసభ సభ్యుడిగా ఢిల్లీలో స్థిరపడ్డారు. దేశంలో కోట్లాది కార్మికుల జీవితాల్లో ఆయన పేరు తెలియకుండానే నిలిచిన పని ఇక్కడ జరిగింది. అది బోనస్ చట్టం.

అప్పటిదాకా బోనస్ అంటే యజమాని దయ, లేదంటే కోర్టు తగాదా. లాభం ఎంత వచ్చింది, తరుగు ఎంత తీసేయాలి, వాటాదారుకు ఎంత పోవాలి, ఇవన్నీ పోగా కార్మికుడికి ఏం మిగిలిందన్న లెక్క మీద ప్రతి ఫ్యాక్టరీలో ఏటా గొడవే. 1950 నాటి ఒక ట్రైబ్యునల్ తీర్పు సూత్రం మీద నడిచేవారు. ఆ సూత్రం ప్రకారం నష్టం చూపిస్తే కార్మికుడికి చిల్లిగవ్వ రాదు. 1961లో వేసిన మెహర్ కమిషన్ 1964లో నివేదిక ఇచ్చింది. దాన్ని ముందు 1965 మే 29న ఆర్డినెన్సుగా, సెప్టెంబరులో చట్టంగా తెచ్చారు. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే సంస్థలన్నిటికీ వర్తింపు. లాభమున్నా, నష్టమున్నా ఏడాది జీతంలో 4 శాతం గానీ 40 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది ఇచ్చి తీరాలి. లాభం బాగా వస్తే 20 శాతం దాకా.

ఆదోని జిన్నింగు మిల్లులో నెలకు 60 రూపాయలు తెచ్చుకునే కార్మికుణ్ణి ఊహించుకుంటే లెక్క తేలిగ్గా తెలుస్తుంది. ఏడాదికి 720 రూపాయలు. నాలుగు శాతమంటే 29 రూపాయలైనా లేదు, కాబట్టి అతనికి 40 రూపాయలు రావాలి. నెలకు వంద వచ్చే మేస్త్రీకి 48 రూపాయలు. పండగ ముందు ఆ డబ్బు ఇంట్లో అందరికీ బట్టలయ్యేది. పెద్ద జీతగాళ్ల కంటే చిన్న జీతగాళ్లకే ఎక్కువ మేలు జరిగేలా ఆ 40 రూపాయల హద్దు పనిచేసింది. యజమానులు కోర్టుకెక్కారు. 1966లో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లు కొట్టివేసినా చట్టాన్ని నిలబెట్టింది. కనీస బోనస్ 8.33 శాతానికి, అంటే ఒక నెల జీతానికి పెరిగింది 1972లో, సంజీవయ్య పోయిన ఏడాదే.

1966 జనవరిలో ఇందిరా గాంధీ తొలి మంత్రివర్గంలో పరిశ్రమల శాఖ దక్కింది. 1967 తర్వాత కొంతకాలం పదవి లేదు. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు ఆయన తీసుకున్న వైపు గమనించాలి. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయనను ఓడించి వి.వి.గిరిని గెలిపించినవారు ఇందిర పక్షం. ఒకప్పుడు సంజీవయ్య ముఖ్యమంత్రి కావడానికి అండగా నిలిచినవారు సంజీవరెడ్డి. చీలికలో సంజీవయ్య ఇందిర వైపే నిలిచారు. బ్యాంకుల జాతీయీకరణ, పేదరిక నిర్మూలన అన్న మాటలు ఆ పక్షం నుంచి వస్తున్నాయి. భూమిలేని ఇంట పుట్టి బంజరు పంచినవాడికి అది సహజమైన స్థానం.

1970 ఫిబ్రవరిలో మళ్లీ కార్మిక, పునరావాస శాఖల మంత్రి అయ్యారు. అదే ఏడాది తన అనుభవాలతో ‘లేబర్ ప్రాబ్లమ్స్ అండ్ ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ ఇన్ ఇండియా’ అన్న ఇంగ్లీషు గ్రంథం ప్రచురించారు. 1971 ఎన్నికల్లో ఇందిర ఘనవిజయం తర్వాత జగ్జీవన్ రామ్ స్థానంలో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. మరుసటి మే నెలలో ఆ పదవిలోనే మరణించారు. ఆయన తర్వాత శంకర్ దయాళ్ శర్మ వచ్చారు.

పాతికేళ్లలోపు అన్ని పెద్ద పదవులు చేసినవాడు ఆస్తి కూడబెట్టలేదన్న మాట విరోధులు కూడా కాదనలేదు. ఆ దంపతులకు పిల్లలు లేరు. వారసత్వ రాజకీయాలు సర్వసాధారణమైన సీమలో ఆయన పేరు చెప్పుకుని ఓటు అడిగే కుటుంబం లేకపోవడంతో, ఆయనను తలుచుకునే పని ప్రభుత్వాలకే మిగిలింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. కర్నూలు జిల్లాలో హంద్రీ నది మీద నాలుగున్నర టీఎంసీల గాజులదిన్నె జలాశయానికి సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గరి థర్మల్ విద్యుత్కేంద్రం, విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉన్నాయి. 2008లో తపాలా బిళ్ల వచ్చింది. ఇన్ని పేర్ల మధ్య ఆయన ఏం చేశారో వివరంగా చెప్పే తెలుగు పుస్తకాలు మాత్రం బాగా తక్కువ. శాసనసభ చర్చల సంపుటాలు, 1960-62 నాటి భూపంపిణీ ఉత్తర్వులు, కార్మిక శాఖ పత్రాలు ముందు పెట్టుకుని కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల చరిత్ర విద్యార్థులు చేయవలసిన పని చాలా ఉంది.

ఆయన తర్వాత బీహార్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, పంజాబ్ రాష్ట్రాల్లో దళిత ముఖ్యమంత్రులు వచ్చారు. 1962 మార్చి 12 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గానీ, 2014లో విడిపోయిన రెండు తెలుగు రాష్ట్రాల్లో గానీ మరో దళితుడు ముఖ్యమంత్రి కాలేదు.